చిన్నరాణి కిటికీ

ఉత్తరం సంగతి బయటపడి మూడు రోజులైంది. అత్తగారు మాట్లాడటం మానేసి కూడా మూడు రోజులే. మామగారు మాత్రం ఈ ఇంట్లో ఏమీ జరగనట్టు పొద్దున్నే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, ముందుగదిలో పాత పేపరు పరుచుకుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నారు.

ఆ బూట్లు చూడగానే కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. రిటైరయిన నాటినుంచీ ఆయన బూట్లు తొడిగింది రెండు పెళ్ళిళ్ళకీ, ఒక చావుకీ.

"ఎక్కడికి బయల్దేరారు మామయ్యగారూ?"

"నీతోనే."

వెనకాల పొయ్యి మీద టీ పొంగి మంట ఆరిపోయింది. ఆమె పరుగెత్తి గిన్నె దించి, పొయ్యి కట్టేసి, గుడ్డతో తుడిచి మళ్ళీ గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన రెండో బూటు మీదకు వచ్చారు.

"ఇవాళ ఆఫీసరమ్మ నీ వెంట నడుస్తోందటగా. ఆవిడ ఏమైనా అడిగితే తెలిసినవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి కదమ్మా."

"అడిగితే ఏం చెప్తారు? ఆ సంతకం లేని ఉత్తరం రాసింది మీరేనని చెప్తారా?"

బ్రష్షు ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

ఊరి నడిబొడ్డున, ఒకదానికొకటి కూతవేటు దూరంలో, అయిదు పాత రాజమహళ్ళున్నాయి. వచ్చిన వాళ్ళని రెండు గంటల్లో ఆ అయిదింటి చుట్టూ నడిపించి, వాటి కథలు చెప్పటం కోడలి పని. అది అత్తగారి చేతి మీదుగా వచ్చిన పని. కంచు మోగినట్టుండే గొంతుతో ముప్ఫై నాలుగేళ్ళు ఆవిడ చెప్పింది. మోకాళ్ళు మొండికేశాక పసుపు గొడుగు, అరవై పేజీల నోటుబుక్కు కోడలి చేతిలో పెట్టింది. దానికీ ఆరేళ్ళయింది. మామగారు అవే మహళ్ళ రికార్డు గదిలో ఉద్యోగం చేసి, ఏ కాగితం ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషని పేరు తెచ్చుకున్నారు. ఇంట్లో కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మాత్రం రోజూ ఎవరో ఒకరు వెతికిపెట్టాలి.

అలాంటి మనిషి కోడలి మీద ఫిర్యాదు రాశారు. 'మూడో భవనం దగ్గర గైడు చెప్పే చిన్నరాణి కథ పచ్చి అబద్ధం. ఆ కిటికీ చిన్నరాణి పోయిన యాభై రెండేళ్ళకు గానీ కట్టలేదు. ఇటువంటి వారికి బ్యాడ్జి ఇవ్వటం గురించి ఆఫీసువారు ఆలోచించవలెను.' గుండ్రటి అంకెలు, స్కేలుతో గీసినట్టున్న వరసలు. బ్యాడ్జీలిచ్చే టూరిజం ఆఫీసులో ఆఫీసరమ్మ ఆ కాగితం ముందుకు జరిపి, చేతిరాత ఎవరిదైనా గుర్తుపట్టగలవా అని అడిగితే, కోడలు గుర్తుపట్టలేనని చెప్పింది. పదేళ్ళుగా ఆ అంకెల్లో పాల లెక్క చూస్తున్న మనిషి. మామగారి పరువు కాపాడటానికి ఆఫీసులో నిలబడి అబద్ధమాడి, అబద్ధాలకోరునన్న ఫిర్యాదుని చేతులారా నిజం చేసి వచ్చింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో భర్త ఒక కాలికి సాక్సు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని వచ్చాడు. అతనిది కళ్ళద్దాల దుకాణం. రోజంతా జనాన్ని కూర్చోబెట్టి 'ఇది బావుందా, ఇదా' అని అద్దాలు మార్చే పని. ఇంట్లో కూడా అదే పద్ధతి. ఎవరికి ఏది కనిపిస్తే అదే సరైందంటాడు.

తండ్రితో, మీరు వెళ్ళకపోతేనే మంచిదేమో అన్నాడు. భార్యతో, నాన్న చెప్పిన దాంట్లో కూడా ఎంతో కొంత ఉండబట్టే కదా అన్నాడు. ఆ తర్వాత, అసలు ఆఫీసరమ్మ మంచిదేనట అని కూడా అన్నాడు.

"గోడ మీంచి దిగండి ముందు," అంది కోడలు. "అటో ఇటో దూకండి. ఎటు దూకినా నేనేమీ అనను."

"షాపుకి టైమవుతోంది," అన్నాడతను, రెండో సాక్సు కోసం వెతుక్కుంటూ. అది అతని చేతిలోనే ఉంది.

కోడలు మామగారి వైపు తిరిగింది. మూడు రోజులుగా గొంతులో ఉన్న మాట అది. పెద్దాయన, ఊరుకుందామనుకుంది. ఇంక వల్ల కాలేదు.

"ఒక్క మాట చెప్పండి మామయ్యగారూ. ఆ కథ నేను పుట్టించింది కాదు. అత్తయ్య నోటుబుక్కులో ఎలా ఉందో అలాగే చెప్తున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు అత్తయ్య చెప్తే కథ. ఆరేళ్ళు నేను చెప్తే అబద్ధమా?"

"ఆవిడ సంగతి వేరు."

"ఎలా వేరు?"

"వేరంటే వేరే." ఆయన పాలిష్ డబ్బా మూత బిగించటం మొదలుపెట్టారు. బిగిసిన మూతనే మళ్ళీ మళ్ళీ బిగించారు. తర్వాత, ఆమె అడగని దానికి జవాబు చెప్పారు. "నోటిమాటగా ఉన్నన్నాళ్ళూ గాలికి పోయేది, ఊరుకున్నాను. ఇప్పుడు ఆఫీసువాళ్ళు ఆ కథని పాలరాయి మీద చెక్కించి కిటికీ కింద పెడతారట. రాయంటే రికార్డమ్మా. రికార్డులో తప్పు ఉండకూడదు."

"అయితే రాయి వద్దని రాయాల్సింది. నా బ్యాడ్జి తీసెయ్యమని ఎందుకు రాశారు?"

ఆయన డబ్బా మూతని ఇంకోసారి బిగించారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించారన్నమాట, అనుకుంది కోడలు. భార్య కథని ఇన్నేళ్ళూ ఏమీ అనలేక, ఇప్పుడు కోడలి నెత్తిన కొట్టారు. ఆ మాట పైకి అనబోయి అత్తగారి వైపు చూసింది.

అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎడమ మోకాలికి బిగుతు పట్టీ ఎక్కించుకుంటోంది. కుడి మోకాలికి అప్పటికే ఎక్కింది. డాక్టరు వద్దన్న మెట్లు ఎక్కాల్సి వచ్చినప్పుడు తప్ప ఆవిడ వాటిని పెట్టుకోదు.

"నేనూ వస్తున్నాను," అంది అత్తగారు.

మూడు రోజుల తర్వాత ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. మామగారి చేతిలోంచి పాలిష్ డబ్బా జారి, మంచం కిందకి దొర్లిపోయింది.

* * *

పదకొండు మంది వచ్చారు. ఒక రిటైరయిన జంట, మెడలో పెద్ద కెమెరా ఉన్న ఒకాయన, నలుగురు నర్సులు, ఏ మాటకైనా 'నిజంగానా' అనే ఒక కాలేజీ అమ్మాయి, వాళ్ళు కాక ఇంకో ముగ్గురు. పక్కన నోటుపుస్తకం పట్టుకుని ఆఫీసరమ్మ. వెనకాల ఇరవై అడుగుల దూరంలో మెరిసే బూట్లతో మామగారు. ఆయన వెనకాల మరో ఇరవై అడుగుల దూరంలో చేతికర్రతో అత్తగారు. ఒకే ఇంట్లోంచి వచ్చి, ఒకే బస్సు దిగిన మనుషులని ఎవరికీ అనుమానం రాదు.

కోడలు పసుపు గొడుగు ఎత్తి పట్టుకుని నడిచింది.

మొదటి మహలు కింది అంతస్తులో ఇప్పుడు పోస్టాఫీసుంది. గుమ్మానికి అడ్డంగా పార్సిళ్ళ వ్యాను ఆగి ఉంటే, డ్రైవరుని బతిమాలి జరిపించింది. అక్కడ కథ సాఫీగానే సాగింది. రెండోది మంత్రిగారి మేడ. పై గదుల్లో సంగీతం నేర్పుతారు. ఎవరో పిల్ల ఒకే స్వరం దగ్గర పదేపదే తప్పుతోంది. ఆ మేడలో నలభై మూడు గదులున్నాయని కోడలు చెప్పగానే వెనకనుంచి దగ్గు వినిపించింది.

"నలభై ఒకటి," అన్నారు మామగారు. "మిగతా రెండూ స్నానాల గదులు. ప్లానులో వాటికి నంబర్లు లేవు."

అందరూ వెనక్కి తిరిగారు. ఎవరీయన అని కెమెరా ఆయన అడిగాడు. తెలిసినాయన అంది కోడలు, పళ్ళ మధ్యనుంచి. ఆఫీసరమ్మ ఏదో రాసుకుంది. నలభై మూడు అని రాసుకుందో, నలభై ఒకటి అని రాసుకుందో, 'గైడుకు సహనం లేదు' అని రాసుకుందో తెలియలేదు.

రోడ్డు దాటేటప్పుడు ఆమె అత్తగారికి చెయ్యి అందించింది. ఆవిడ పట్టుకోలేదు. కోపం తనమీదో, ఆయనమీదో అంతుపట్టలేదు. తన తరఫున ఆయన్ని ఒక్క మాటైనా అడగని ఈ మౌనం ఆయన రాసిన ఉత్తరం కన్నా ఎక్కువగా గుచ్చుకుంటోంది.

"అత్తయ్యా, మూడోదాని దగ్గర ఏం చెప్పమంటారు?" అని అడిగింది, గొంతు తగ్గించి. "కథ చెప్తే ఆఫీసరమ్మ ముందు దొంగనవుతాను. చెప్పకపోతే మీ ముప్ఫై నాలుగేళ్ళూ దొంగవవుతాయి."

అత్తగారు ఎర్రదీపం వైపు చూస్తూ నిలబడింది. పచ్చదీపం పడ్డాక ఒక్క మాట అంది.

"ఆ ఉత్తరంలో ఉన్నది నిజమేనా?"

"పెద్ద లైబ్రరీకి వెళ్ళి చూసొచ్చాను. నిజమే. కిటికీ తర్వాతే కట్టారు."

"అయితే నిజమే చెప్పు," అని, కర్ర టకటకలాడిస్తూ ముందుకు నడిచింది.

చిన్నరాణి మేడ వెనక సందులో, నేలకు ఒకటిన్నర నిలువు ఎత్తున, ఆ కిటికీ ఉంది. పక్కనున్న మెట్ల మీదకు ఎక్కితే గడప రాయి కళ్ళకు ఎదురుగా వస్తుంది. దాని మీద వరసగా నిలువు గీతలు, కొన్ని లోతుగా, కొన్ని తేలిగ్గా. యుద్ధానికి వెళ్ళిన రాజు కోసం చిన్నరాణి రోజూ ఇక్కడ నిలబడి, ఉంగరంతో రోజుకో గీత గీసిందనీ, రెండువందల పన్నెండో రోజున కబురు వచ్చిందనీ, ఏం కబురో ఎవరికీ తెలియదనీ కథ. కబురు సంగతి చెప్పకుండా ఆపేయటంలోనే అత్తగారి గొప్పతనమంతా ఉండేది. అక్కడ ఆవిడ గొంతు దించితే జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు.

కోడలు కిటికీకి వీపు పెట్టి నిలబడింది. గొంతు సవరించుకుంది.

ఈ కిటికీ దగ్గర ఇన్నాళ్ళూ ఒక కథ చెప్తూ వచ్చామని మొదలుపెట్టింది. ఆ కథ ఏమిటో రెండు మాటల్లో చెప్పింది. తర్వాత, అది నిజం కాదని చెప్పింది. చిన్నరాణి పోయిన యాభై రెండేళ్ళకు ఈ గోడ కొట్టి కిటికీ పెట్టారనీ, రాణిగారు ఇక్కడ నిలబడే అవకాశమే లేదనీ, తాను కూడా ఆరేళ్ళు తెలియక చెప్పాననీ అంది. ఎక్కడా గొంతు వణకలేదు. కానీ చెప్పటం అయిపోయాక, చేతిలో ఇంకేమీ మిగల్లేదనిపించింది.

నర్సుల్లో ఒకావిడ, అయ్యో అంది. కెమెరా ఆయన ఎత్తిన కెమెరా దించేశాడు. రిటైరయిన జంటలో భార్య, ఆ కథే బావుందమ్మా అని గొణిగింది. ఆఫీసరమ్మ కలం ఆగిపోయింది.

అప్పుడు కాలేజీ అమ్మాయి మెట్లెక్కి, గడప రాయి మీద వేలు పెట్టి అడిగింది.

"నిజంగానా? అయితే ఈ గీతలు ఎవరివి?"

కోడలికి తెలియదు. ఆ మాట ఉత్తరంలోనూ లేదు, లైబ్రరీ పుస్తకంలోనూ లేదు. గది గదికీ లెక్క తెలిసిన మనిషి ఇరవై అడుగుల దూరంలో ఉన్నారుగా అని ఆయన వైపు తిరిగింది. కొంచెం కసిగానే తిరిగింది.

"ఈయన రికార్డు గదిలో పనిచేసినవారు," అంది అందరితో. "చెప్పండి. ఎవరివి?"

మామగారు తన బూట్ల వైపు చూసుకున్నారు. చెప్పకుండా తప్పించుకుందామనుకున్నట్టే ఉంది. కానీ ఆఫీసరమ్మ కూడా అటే చూస్తోంది.

"పెట్టెలవి," అన్నారు.

"ఏ పెట్టెలు?"

"ఇనప పెట్టెలు. ఒకప్పుడు రికార్డులు ఈ గదిలోనే ఉండేవి. పైకప్పు కారి కాగితాలు తడిసిపోతుంటే వేరే మేడకి మార్చారు. లోపలి మెట్లు ఇరుకు. అందుకని పెట్టెలన్నీ ఈ కిటికీలోంచి తాళ్ళతో దించాం. దించేటప్పుడు అంచులు గీరుకున్నాయి."

"దించాం అంటే?" అంది ఆఫీసరమ్మ.

"నేనూ ఇంకో ఇద్దరూ. అప్పుడు నేను కొత్తగా చేరిన గుమాస్తాని."

మంత్రిగారి మేడ వైపునుంచి తప్పు స్వరం మళ్ళీ వినిపించింది. అందరి వెనకాల నిలబడ్డ అత్తగారు జనాన్ని మెల్లగా తప్పించుకుంటూ ముందుకు వచ్చింది. ఆయనకు ఎదురుగా నిలబడింది. మూడు రోజుల్లో మొగుడి మొహంలోకి చూడటం అదే మొదటిసారి.

"నేను గైడు పని నేర్చుకోవటానికి వచ్చిన కొత్తలో ఇదే అడిగాను," అంది. ఆ పాత కంచు గొంతే, కాకపోతే ఎత్తకుండా. "ఇదే మెట్టు మీద నిలబడి, ఈ గీతలు ఎవరివండీ అని మిమ్మల్నే అడిగాను. మీరు చెప్పింది ఇది కాదు."

కోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొడుగు పట్టుకున్న చెయ్యి దానంతటదే కిందికి దిగింది. కథ అత్తగారిది కాదు. ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళూ అది నిజమనే చెప్పింది. ఉత్తరం సంగతి బయటపడిన రోజునే ఆవిడకీ అనుమానం వచ్చి ఉంటుంది. మూడు రోజుల మౌనం కోడలి మీద కోపం కాదు, కోడలి తరఫున కోపం కూడా కాదు.

"మీరు అప్పుడే ఆ పెట్టెలు దించి, చేతులకు తాడు కోసుకుపోయి నిలబడి ఉన్నారు," అంది అత్తగారు. "ఆ చేతులతోనే గీతలు చూపించి, రికార్డుల్లో చదివానని చెప్పారు. రాణి అన్నారు, ఉంగరం అన్నారు. రెండువందల పన్నెండు అని లెక్క కూడా చెప్పారు. నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. రికార్డుల ఆయన చెప్పాక ఇంక లెక్కపెట్టడమెందుకు?"

మామగారు ఏదో అనబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగారు. మళ్ళీ ఆ జనం ఉన్నారన్నది మరిచిపోయినట్టే మాట్లాడారు.

"పెట్టెలని చెప్తే నువ్వు సరేనని వెళ్ళిపోయేదానివి," అన్నారు. "ఇంకొంచెంసేపు నిలబడతావని అలా చెప్పాను."

నర్సులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకావిడ చిన్నగా నవ్వబోయి, అత్తగారి మొహం చూసి మానుకుంది.

"నిలబడ్డాను," అంది అత్తగారు. "ముప్ఫై నాలుగేళ్ళు నిలబడ్డాను. ఎండలో, వానలో, కడుపుతో ఉన్నప్పుడు కూడా. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. ఒక్కసారి, ఇంట్లో, అన్నం తినేటప్పుడు, అది అబద్ధమే అని నాతో అనటానికి మీకు నోరు రాలేదు. ఆఫీసుకి ఉత్తరం రాయటానికి చెయ్యి వచ్చింది. అదీ ఈ పిల్ల పేరు మీద."

"రాయి చెక్కిస్తారంటే భయమేసింది."

"ఎవరు పట్టుకుంటారని? నేనా, ఆఫీసా?"

ఇరవై ఏళ్ళ కిందటి కాగితం ఏ అరలో ఉందో చెప్పగల మనిషికి ఆ ఒక్క జవాబూ దొరకలేదు.

అత్తగారు మెట్టు మీద కూర్చుంది. కర్ర పక్కన పెట్టుకుంది. కాళ్ళు చాపుకుని, పట్టీలు సర్దుకుని అడిగింది.

"నా నోటుబుక్కులో ఉన్నవన్నీ మీరు చెప్పినవే. ఇంకా ఎన్ని?"

ఇంకా రెండు మహళ్ళున్నాయి. నాలుగోదాంట్లో ఇద్దరన్నదమ్ములు మాటలు మానేసి ఇంటి మధ్య గోడ కట్టుకున్న కథ. అయిదోదాంట్లో తొమ్మిదో తలుపు కథ. రెండూ ఆమెకు నిద్రలో లేపినా వచ్చు. వాటిలో ఏది పెట్టె, ఏది రాణి?

"నాలుగోదాంట్లో..." అని మొదలుపెట్టి, మామగారు మిగతా మాట మింగేశారు.

ఆఫీసరమ్మ నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. కోపంగా ఉన్నట్టు లేదు. దయగానూ లేదు. నడక ఇంకా పూర్తి కాలేదు కదా, మిగతా రెండూ కూడా చూసి ఏ సంగతీ రేపు చెప్తానంది. బ్యాడ్జి గురించా, రాయి గురించా అని కోడలు అడగలేకపోయింది.

అత్తగారు కోడలి చేతిలోంచి పసుపు గొడుగు తీసుకుని మొగుడి వైపు చాపింది.

"మిగతా రెండూ మీరు చెప్పండి," అంది. "ఈ పిల్ల నోటితో ఇంకొక్క అబద్ధం చెప్పించకండి."

ఆయన గొడుగు వైపు చూశారు. పదిమంది ముందు నోరు విప్పటమంటే ఆయనకు చచ్చేంత భయమని ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకు పెళ్ళిలో రెండు మాటలు మాట్లాడమంటే స్టోర్రూములో దాక్కున్న మనిషి. అయినా తీసుకున్నారు. తలకిందులుగా పట్టుకున్నారు. కెమెరా ఆయన సరిచేసి ఇచ్చాడు. పదకొండు మంది, వాళ్ళ పక్కనే ఆఫీసరమ్మ, ఆ మెరిసే బూట్ల వెనక సందు చివరికి నడిచారు.

కోడలు అత్తగారి పక్కన నిలబడిపోయింది. లేవమంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇన్నేళ్ళూ దీనికి వీపు పెట్టే నిలబడ్డాను," అంది, కిటికీ వైపు తిరిగి. "జనం మొహాలే చూశాను. దీన్ని సరిగ్గా చూసిందే లేదు." కాసేపు చూసింది. ఆ తర్వాత మామూలు గొంతుతో, ఇంట్లో ఏదో సరుకు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "సాయంత్రం నేను ఇంటికి రాను. చెల్లెలి దగ్గరికి పోతాను. అబ్బాయికి నువ్వే చెప్పు."

"ఎన్నాళ్ళు అత్తయ్యా?"

ఆవిడ కర్ర తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కోడలు ఏం చెయ్యాలో తోచక సందు చివరికి చూసింది. నాలుగో మహలుకి కుడివైపు తిరగాలి. పసుపు గొడుగు ఎడమవైపు తిరిగింది. దాని వెనక నర్సులు తిరిగారు, రిటైరయిన జంట తిరిగింది, ఆఫీసరమ్మ కూడా తిరిగింది. అటు వెళ్తే కూరగాయల మార్కెట్టు తప్ప ఏమీ లేదు.

"అత్తయ్యా, లేవండి. మామయ్యగారు తప్పుదారిలో పోతున్నారు."

"తెలుసు," అంది అత్తగారు, లేవకుండా.